పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో డేటా విశ్లేషణ

డేటా విశ్లేషణ అనగా నమోదైన అంకెలను, వివరాలను సేకరించి, సరిచూసి, పోల్చి, ఒక నిర్ణయానికి తోడ్పడే సమాచారాన్ని రాబట్టే పని. డేటాకు తెలుగు పాఠ్యపుస్తకాలలో దత్తాంశము అనే పేరు ఉన్నది. ఈ పనిని వృత్తిగా చేసేవారిని డేటా విశ్లేషకులు లేదా డేటా అనలిస్టులు అంటారు. తెలంగాణ రాష్ట్రంలోని సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, బొంతపల్లి, గడ్డపోతారం, ఖాజీపల్లి పారిశ్రామిక వాడలు ఉన్నాయి. ఇక్కడ ఈ వృత్తి ప్రధానంగా మందుల తయారీ, రసాయనాలు, రంగులు, యంత్ర పరికరాల పరిశ్రమలతో ముడిపడి ఉన్నది.

హైదరాబాదులోని మాదాపూరు, గచ్చిబౌలి వంటి చోట్ల సాఫ్ట్‌వేరు సంస్థలలో పనిచేసే విశ్లేషకులకు డేటా చాలావరకు కంప్యూటరులోనే పుట్టి కంప్యూటరులోనే అందుతుంది. కర్మాగారంలో అంకె పుట్టే చోటు వేరు. రాత్రి షిఫ్టులో ఒక కార్మికుడు రియాక్టరు మీది మీటరు చూసి కాగితంపై వ్రాసినది, ప్రయోగశాలలో పరికరం ముద్రించినది, గేటు వద్ద రిజిస్టరులో చేరినది, ఇవన్నీ డేటాయే. అందువలన ఈ ప్రాంతపు విశ్లేషకులు అంకె ఏమి చెబుతున్నదో చూడడానికి ముందు, దానిని ఎవరు, ఎప్పుడు, ఏ విధంగా నమోదు చేశారో తెలుసుకోవలసి ఉంటుంది.

నేపథ్యం

పటాన్‌చెరు హైదరాబాదు నుండి ముంబై వెళ్ళే జాతీయ రహదారిపై ఉన్నది. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడే వరకు ఈ ప్రాంతం మెదక్ జిల్లాలో ఉండేది. సమీపంలోని రామచంద్రాపురంలో 1960 దశకంలో ప్రభుత్వ రంగ సంస్థ బీహెచ్ఈఎల్ కర్మాగారం వెలసింది. 1970, 1980 దశకాలలో పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడలు విస్తరించాయి. ఇందిరా గాంధీ 1980లో మెదక్ లోక్‌సభ స్థానం నుండి ఎన్నికైన తరువాత ఈ ప్రాంతపు పారిశ్రామికీకరణ మరింత వేగం అందుకున్నది.

హైదరాబాదులో మందుల పరిశ్రమకు పునాది వేసిన సంస్థ ఐడీపీఎల్. ఇది 1961లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ. ఇందులో పనిచేసి అనుభవం గడించిన పలువురు శాస్త్రవేత్తలు, సాంకేతిక నిపుణులు తరువాత సొంత పరిశ్రమలు స్థాపించారు. వారిలో ప్రముఖుడు డాక్టర్ కల్లం అంజిరెడ్డి. ఆయన 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌ను స్థాపించాడు. మందులలోని క్రియాశీల పదార్థాన్ని పెద్ద ఎత్తున తయారుచేసే పరిశ్రమలను వాడుకలో బల్క్ డ్రగ్ పరిశ్రమలు అంటారు. ఇటువంటివి పటాన్‌చెరు చుట్టుపక్కల అనేకం ఏర్పడ్డాయి. విదేశాలకు ఎగుమతి మొదలయ్యాక ప్రతి దశకు వ్రాతపూర్వకమైన ఆధారం చూపడం తప్పనిసరి అయింది. కర్మాగారాలలో డేటా నిర్వహణ ప్రత్యేకమైన పనిగా ఎదగడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఇక్రిశాట్ గ్రామ అధ్యయనాలు

పరిశ్రమల కంటే ముందే పటాన్‌చెరులో క్రమబద్ధమైన డేటా సేకరణకు పేరు తెచ్చిన సంస్థ ఇక్రిశాట్. మెట్ట ప్రాంతపు పంటలపై పరిశోధన కొరకు 1972లో ఈ అంతర్జాతీయ సంస్థ ఏర్పడింది. ఇది 1975లో గ్రామస్థాయి అధ్యయనాలను ప్రారంభించింది. మొదట ఆరు గ్రామాలను ఎంచుకున్నారు. వీటిలో ఔరేపల్లి, దోకూరు నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోనివి. తక్కిన నాలుగు మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాలలోనివి.

ప్రతి గ్రామంలో 40 కుటుంబాలను తీసుకున్నారు. వీటిలో 10 భూమిలేని కూలీ కుటుంబాలు కాగా, 30 చిన్న, మధ్యతరగతి, పెద్ద రైతుల కుటుంబాలు. వివరాలు సేకరించేవారు ఆ గ్రామంలోనే నివాసం ఉండి, కొద్ది వారాలకొకసారి అవే కుటుంబాలను కలిసి ఆదాయం, ఖర్చు, అప్పులు, పంటలు, కూలి పనుల వివరాలు నమోదు చేసేవారు. ఏడాదికి ఒకసారి వచ్చి అడిగితే మనుషులు మరచిపోయే వివరాలు ఈ పద్ధతిలో నిలిచాయి. థామస్ వాకర్, జేమ్స్ ర్యాన్ 1990లో వెలువరించిన గ్రంథానికి ఈ డేటాయే ఆధారం. రిస్కు విషయంలో రైతుల వైఖరిపై హాన్స్ బిన్స్‌వాంగర్ జరిపిన ప్రయోగాలు కూడా ఈ గ్రామాలతో ముడిపడినవే. నమోదు చేసేవారు జరిగిన పనికి ఎంత దగ్గరగా ఉంటే అంకెకు అంత విలువ అన్న ఈ సూత్రం కర్మాగారానికి కూడా వర్తిస్తుంది.

పని స్వరూపం

చిన్న పరిశ్రమలలో డేటా విశ్లేషకుడు అనే హోదా ప్రత్యేకంగా ఉండకపోవచ్చు. ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్, ప్రొడక్షన్ ప్లానింగ్, క్వాలిటీ అస్యూరెన్స్ వంటి పేర్లతో ఉన్న ఉద్యోగులు ఈ పని చేస్తారు. వీరికి డేటా లభించే ముఖ్యమైన వనరులు ఇవి:

• బ్యాచ్ రికార్డు: ఒక విడత సరుకు తయారీలో వేసిన ముడి పదార్థాలు, ఉష్ణోగ్రత, సమయం, దిగుబడి, సంతకాలు.
• నాణ్యత ప్రయోగశాల: ముడి సరుకు, తయారైన సరుకుల పరీక్షా ఫలితాలు.
• ఈఆర్‌పీ సాఫ్ట్‌వేరు: కొనుగోళ్ళు, నిల్వలు, అమ్మకాలు, చెల్లింపులు.
• నియంత్రణ గది కంప్యూటర్లు: సెన్సార్లు నిరంతరం పంపే ఉష్ణోగ్రత, పీడనం వంటి కొలతలు.
• నిర్వహణ రికార్డులు: యంత్రాలు ఆగిన సమయం, మరమ్మతులు, కరెంటు, ఆవిరి వాడకం.
• హాజరు, గేటు రిజిస్టర్లు: షిఫ్టులవారీగా శాశ్వత, కాంట్రాక్టు కార్మికుల వివరాలు.

ఈ వనరులలో ఒకే వస్తువుకు ఒకే పేరు ఉండదు. గోదాములో ఒక ద్రావణిని లీటర్లలో, తయారీ విభాగంలో కిలోలలో వ్రాయవచ్చు. ఒక విభాగం రోజును అర్ధరాత్రి నుండి లెక్కిస్తే మరొకటి ఉదయం షిఫ్టు నుండి లెక్కిస్తుంది. వీటిని ఒక దారికి తేవడానికి విశ్లేషకుల సమయంలో పెద్ద భాగం ఖర్చవుతుంది. దీనినే డేటా శుద్ధి అంటారు. ఎక్సెల్ విస్తృతంగా వాడుకలో ఉన్న సాధనం. పెద్ద సంస్థలలో ఎస్‌క్యూఎల్, పైథాన్, పవర్ బీఐ వంటివి కూడా వాడతారు.

సాధనం ఏదైనా విశ్లేషకులు అడగవలసిన ప్రశ్నలు మారవు. ఒక పీహెచ్ మీటరు ఆరు గంటల పాటు సరిగ్గా 7.2 చూపితే నీరు నిలకడగా ఉన్నదని కాక, మీటరు పనిచేయడం మానేసిందేమో అని మొదట అనుమానించాలి. ప్రయోగశాల నివేదికలో 'గుర్తించబడలేదు' అని ఉంటే దానిని సున్నాగా వ్రాయరాదు. ఆ పరికరం పసిగట్టగల కనీస మోతాదు కంటే తక్కువ ఉన్నదని మాత్రమే దాని అర్థం. ఖాళీగా ఉన్న గడి, సున్నా వ్రాసిన గడి కూడా ఒకటి కావు.

ప్రధాన పద్ధతులు

నియంత్రణ పటం

ఉత్పత్తిలో సహజంగా ఉండే హెచ్చుతగ్గులను, ప్రత్యేక కారణం వల్ల వచ్చిన మార్పును వేరుచేసి చూపే పటాన్ని నియంత్రణ పటం అంటారు. దీనిని 1924లో అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేస్తున్న వాల్టర్ షూహార్ట్ రూపొందించాడు. సగటుకు ఇరువైపులా మూడు ప్రామాణిక విచలనాల దూరంలో గీతలు గీస్తారు. కొలతలు సాధారణ విభాజనాన్ని అనుసరిస్తే 99.73 శాతం ఈ గీతల మధ్యనే పడతాయి. షూహార్ట్ 1947-48లో భారతదేశానికి వచ్చాడు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో స్థాపించిన భారతీయ గణాంక సంస్థ ద్వారా ఈ పద్ధతులు దేశంలోని పరిశ్రమలలో వ్యాపించాయి. తెలుగు కుటుంబంలో జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివి, ఈ సంస్థలోనే దీర్ఘకాలం పనిచేసిన కల్యంపూడి రాధాకృష్ణారావు (1920-2023) ప్రపంచ ప్రసిద్ధ గణాంక శాస్త్రవేత్త.

ఉదాహరణకు ఒక ఉత్పత్తిలో వరుసగా ఎనిమిది బ్యాచ్‌ల దిగుబడి 86, 85, 85, 84, 83, 83, 82, 80 శాతం అనుకుందాం. కనీసం 78 శాతం రావాలన్నది నియమం. సగటు 83.5 శాతం. నెలవారీ నివేదికలో సగటు మాత్రమే చూపితే అంతా సవ్యంగా ఉన్నట్లే కనబడుతుంది. ఒక్క బ్యాచ్ కూడా నియమాన్ని దాటలేదు. కాని అంకెలను వరుసలో పెడితే దిగుబడి క్రమంగా తగ్గుతున్నదని తెలుస్తుంది. కారణం కొత్త సరఫరాదారుని ముడి సరుకు కావచ్చు, అరిగిన వడపోత గుడ్డ కావచ్చు, తిరిగి వాడుతున్న ద్రావణి కావచ్చు. పటం కారణాన్ని చెప్పదు. ఎప్పటి నుండి వెతకాలో చెబుతుంది.

విభజించి చూడడం

మొత్తం అంకె ఒకటి చెబితే విడి అంకెలు దానికి విరుద్ధంగా చెప్పవచ్చు. 1951లో దీనిని వివరించిన ఎడ్వర్డ్ సింప్సన్ పేరున దీనిని సింప్సన్ విరోధాభాసం అంటారు. ఈ క్రింది అంకెలు ఊహాత్మకమైనవి:

• పగటి షిఫ్టు: సులభమైన ఉత్పత్తి 80 బ్యాచ్‌లలో 4 విఫలం (5 శాతం). కష్టమైన ఉత్పత్తి 20 బ్యాచ్‌లలో 4 విఫలం (20 శాతం). మొత్తం 100లో 8.
• రాత్రి షిఫ్టు: సులభమైన ఉత్పత్తి 25 బ్యాచ్‌లలో 1 విఫలం (4 శాతం). కష్టమైన ఉత్పత్తి 75 బ్యాచ్‌లలో 12 విఫలం (16 శాతం). మొత్తం 100లో 13.

మొత్తం మీద రాత్రి షిఫ్టు నాసిరకంగా కనబడుతుంది. కాని రెండు ఉత్పత్తులలోను రాత్రి షిఫ్టువారి ఫలితమే మెరుగు. కష్టమైన ఉత్పత్తిని ఎక్కువగా వారికి అప్పగించడం వలన మొత్తం అంకె అలా వచ్చింది. విశ్లేషకుడు మొదటి అంకెతో ఆగిపోతే మంచి పనివారికి మందలింపు దక్కుతుంది. ఈ ప్రాంతంలో ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్, ఝార్ఖండ్ రాష్ట్రాల నుండి వచ్చిన కార్మికులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ నివేదిక చదివి తమ వాదన వినిపించే అవకాశం కాంట్రాక్టు కార్మికునికి సాధారణంగా ఉండదు.

డేటా విశ్వసనీయత

మందుల పరిశ్రమలో అంకె సరైనదని చెప్పడం చాలదు, నిరూపించాలి. ఇందుకు అంతర్జాతీయంగా అనుసరించే ఐదు లక్షణాలను వాటి ఆంగ్ల పేర్ల తొలి అక్షరాలతో ఆల్కోవా అంటారు:

• ఎవరు నమోదు చేశారో తెలియాలి.
• స్పష్టంగా చదవగలిగేలా ఉండాలి.
• పని జరిగిన సమయంలోనే వ్రాయాలి.
• మూల ప్రతి అయి ఉండాలి.
• వాస్తవానికి సరిపోలాలి.

ఎలక్ట్రానిక్ రికార్డులకు సంబంధించి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1997లో నిబంధనలు తెచ్చింది. డేటా విశ్వసనీయతపై 2018 డిసెంబరులో వివరమైన మార్గదర్శకాలు వెలువరించింది. అమెరికాకు ఎగుమతి చేసే ఏ కర్మాగారానికైనా ఇవి వర్తిస్తాయి. భారతదేశంలో ఔషధ నిబంధనలలోని షెడ్యూల్ ఎం 2023 డిసెంబరులో సవరించబడింది.

పరీక్షా ఫలితం నియమానికి వెలుపల వచ్చినపుడు ఏమి చేయాలన్నది ఈ రంగంలో పాత ప్రశ్న. 1993లో అమెరికా న్యాయస్థానం బార్ లేబొరేటరీస్ కేసులో, సరైన ఫలితం వచ్చే వరకు మళ్ళీ మళ్ళీ పరీక్షించడం తగదని తీర్పు చెప్పింది. దీని అవసరం ఒక ఉదాహరణతో తెలుస్తుంది. ఒక మందులో క్రియాశీల పదార్థం 98.0 నుండి 102.0 శాతం మధ్య ఉండాలనుకుందాం. మొదటి పరీక్షలో 97.4 వచ్చింది. మరి రెండుసార్లు పరీక్షిస్తే 98.3, 98.9 వచ్చాయి. మూడింటి సగటు 98.2. సగటు ప్రకారం సరుకు నెగ్గినట్లే. కాని మొదటి ఫలితం ఎందుకు అలా వచ్చిందో తేలలేదు. పరికరంలో లోపం ఉన్నదని విచారణలో రుజువైతే తప్ప ఆ ఫలితాన్ని పక్కన పెట్టరాదు, సగటులో కలిపి మరుగుపరచరాదు.

విశ్లేషకులకు ఒత్తిడి ఎదురయ్యే సందర్భం కూడా ఇదే. సరుకు లారీలోకి ఎక్కవలసిన రోజు దగ్గరపడినపుడు ఒక అంకెను వదిలివేయమనో, తేదీని ముందుకు జరపమనో కోరిక రావచ్చు. అంకెను తొలగించిన చేతికి, మందు మింగే రోగికి మధ్య వేల కిలోమీటర్ల దూరం ఉండవచ్చు. అందుకే నిబంధనలు వ్యక్తుల మంచితనం మీద ఆధారపడక, ప్రతి మార్పుకు ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారనే జాడ చెరగకుండా కంప్యూటరులో నిలిచేలా ఏర్పాటు కోరుతాయి. దీనిని ఆడిట్ ట్రయల్ అంటారు.

కాలుష్య గణాంకాలు

కర్మాగారం గోడ వెలుపల కూడా ఈ ప్రాంతపు అంకెలు చర్చనీయాంశాలయ్యాయి. నక్కవాగు పరివాహక గ్రామాల నీరు, భూములు కలుషితమైన విషయమై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. తరువాత చిన్న పరిశ్రమల వ్యర్థ జలాల కొరకు పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం పనిచేయసాగింది. అక్కడి నీరు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరా నదికి చేరేది.

స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్, సహ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆ కేంద్రం నుండి వెలువడిన శుద్ధి చేసిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు గరిష్ఠంగా 31 మిల్లీగ్రాములు ఉన్నది. సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థ జలాలు ఆ కేంద్రానికి వచ్చేవి. లీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములంటే ఘనమీటరుకు 30 గ్రాములు. రోజుకు సుమారు 1,500 ఘనమీటర్ల నీరు వెలువడితే, రోజుకు 45 కిలోల మందు నీటిలో కలిసినట్లు. ఇది సుమారు 90 లక్షల జనాభా గల స్వీడన్ దేశం ఐదు రోజులలో వాడే మోతాదుతో సమానమని పరిశోధకులు లెక్కకట్టారు. గాఢతను ప్రవాహంతో గుణించే ఈ చిన్న లెక్క, యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవుల సమస్యపై ప్రపంచవ్యాప్త చర్చలో పటాన్‌చెరు పేరును నిలిపింది.

శుద్ధి కేంద్రాలలో అప్పటికి బీఓడీ, సీఓడీ వంటి కొలతలు మామూలుగా జరిగేవి. నీటిలో మిగిలిన యాంటీబయాటిక్‌కు పరిమితి అంటూ లేదు. పరిమితి లేనిదానిని కొలవరు, కొలవనిది నివేదికలో కనబడదు. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2020 జనవరిలో ఇటువంటి పరిమితులతో ముసాయిదా విడుదల చేసింది. 2021లో వచ్చిన తుది నోటిఫికేషనులో అవి చేరలేదు. అంతకు ముందు 2014లో, తీవ్ర కాలుష్య కారక పరిశ్రమలు, ఉమ్మడి శుద్ధి కేంద్రాలు నిరంతర పర్యవేక్షణ పరికరాలు అమర్చుకోవాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆదేశించింది.

ఒక గీతకు ఇరువైపులా ఉండడం ఎంత తేడా తెస్తుందో 2009 నాటి సమగ్ర పర్యావరణ కాలుష్య సూచిక చూపుతుంది. అందులో 70కి మించిన ప్రాంతాలను అతి తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా పరిగణించారు. పటాన్‌చెరు-బొల్లారం సూచిక 70.07. అటువంటి ప్రాంతాలలో కొత్త పరిశ్రమల పర్యావరణ అనుమతులపై 2010లో తాత్కాలిక నిషేధం విధించారు. నీటి నమూనాను ఏ చోట, ఏ ఋతువులో తీశారన్న దానిపై 0.07 వంటి తేడా ఆధారపడవచ్చు. కనుక సూచికతో పాటు దానిని లెక్కించిన పద్ధతిని కూడా చదవడం అవసరం.

కార్మిక భద్రత, వ్యక్తిగత వివరాలు

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా మరణించారు. పలువురి మృతదేహాలను డీఎన్ఏ పరీక్షల ద్వారా గుర్తించవలసి వచ్చింది. ఏ కర్మాగారంలోనైనా ప్రమాద సమయాన లోపల ఎవరెవరు ఉన్నారన్నది సహాయక సిబ్బంది మొదట అడిగే ప్రశ్న. శాశ్వత ఉద్యోగులు, కాంట్రాక్టు కార్మికులు, ఆ రోజుకు వచ్చిన సందర్శకుల జాబితాలు వేర్వేరు రిజిస్టర్లలో ఉంటే ఆ ప్రశ్నకు జవాబు ఆలస్యమవుతుంది. అందువలన జీతాల లెక్కకు పనికివచ్చే హాజరు డేటా భద్రతకు కూడా సంబంధించినదే. అలారాలు మోగిన సమయాలు, త్రుటిలో తప్పిన ప్రమాదాల నమోదు కూడా ఇటువంటివే. త్రుటిలో తప్పిన ప్రమాదాలు ఒక్కటీ నమోదు కాని నెలను చూచి భద్రత మెరుగైందని భావించడం సరికాదు. వ్రాయడం ఆగిపోయి ఉండవచ్చు.

కార్మికుల ఆరోగ్య పరీక్షలు, వేలిముద్రలు, చిరునామాలు వ్యక్తిగత వివరాలు. వీటి రక్షణకు భారత పార్లమెంటు 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టాన్ని ఆమోదించింది.

విద్య, ఉపాధి

ఈ వృత్తికి గణాంక శాస్త్రం, గణితం, వాణిజ్యం, రసాయన శాస్త్రం, ఫార్మసీ, ఇంజనీరింగ్ చదివినవారు వస్తారు. ఐఐటీ హైదరాబాదు 2008లో ఎద్దుమైలారంలో తాత్కాలిక ప్రాంగణంలో ప్రారంభమై, తరువాత సంగారెడ్డి సమీపంలోని కందికి మారింది. 2019లో కృత్రిమ మేధలో బీటెక్ కోర్సు ప్రవేశపెట్టింది. రుద్రారంలో గీతం విశ్వవిద్యాలయ ప్రాంగణం, సుల్తాన్‌పూర్‌లో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉన్నాయి.

ఉద్యోగార్థులు ముందుగా నేర్వవలసినవి సగటు, మధ్యగతం, విచలనం, సంభావ్యత వంటి మూల భావనలు, ఎక్సెల్, ఎస్‌క్యూఎల్. పరిశ్రమలో చేరిన తరువాత ఒక బ్యాచ్ తయారీని మొదటి నుండి చివరి వరకు దగ్గరుండి చూడడం, కొలతలు తీసే ఆపరేటర్లతో మాట్లాడడం పుస్తకాలలో దొరకని జ్ఞానాన్ని ఇస్తాయి. ఏ వాల్వు ఆలస్యంగా తెరచుకుంటుందో, ఏ తూకపు యంత్రం తడి రోజులలో తేడా చూపుతుందో వారికి తెలుసు. ఆ తెలివిడి కంప్యూటరు తెరపై కనబడదు.

ఇవి కూడా చూడండి

• పటాన్‌చెరు
• సంగారెడ్డి జిల్లా
• ఇక్రిశాట్
• మంజీరా నది
• గణాంక శాస్త్రం
• కల్యంపూడి రాధాకృష్ణారావు